కడలి లోతు, కొండ ఎత్తు: జాన్ స్కాట్ హాల్డేన్ జీవితము

కొంతకాలము క్రిందట ఒక సాయంకాలము బడి విడిచిన పిదప ఒక విద్యార్థి తండ్రి మమ్ము చూడవచ్చెను. గంజాం తీరమున వల వేసి జీవించు తెలుగు కుటుంబమువాడు ఆయన. ఆయన పెద్ద కుమారుడు ఒక ఓడరేవునందు, గాలితొట్టి వీపున ధరించి, నీట మునిగి, ఓడల అడుగుభాగములను పరీక్షించు పని నేర్చియుండెను. అతనిని కొండప్రాంతమునందలి ఒక జలాశయమున పనిచేయుటకు రమ్మని పిలిచిరి. సముద్రము కంటె అచట లోతు తక్కువ, అలలు లేవు, ఉప్పు లేదు, కావున భయము లేదని కుమారుడు చెప్పుచుండెను. తండ్రి మనస్సు మాత్రము ఒప్పుకొనుట లేదు. కొండమీది నీట మునుగుటకు వేరుగ నేర్చుకొనవలసినది ఏమైన కలదా యని ఆయన మమ్మడిగెను.

మేము తెలుగు బోధించువారము. పొరుగున నున్న ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిననాడు పద్యములకు ప్రతిపదార్థము చెప్పుట నేర్చితిమి గాని, నీటి యొత్తిడిని గూర్చి నేర్చుకొనలేదు. ఆయనకు వెంటనే సమాధానము చెప్పలేక, కొన్ని దినములు గడువడిగి పుస్తకములు తిరుగవేసితిమి. అట్లు వెదకుచుండగా మాకెదురైన మహనీయుడే జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన చరిత్రము మన విద్యార్థినీ విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనదగినదని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

హాల్డేన్ 1860వ సంవత్సరము మే నెలలో స్కాట్లండు దేశమునందలి ఎడింబరో నగరమున జన్మించెను. వారిది పేరు ప్రతిష్ఠలు గల వంశము. సోదరుడు రిచర్డ్ హాల్డేన్ రాజకీయములలో ప్రవేశించి బ్రిటిషు ప్రభుత్వమున యుద్ధమంత్రిగను, తరువాత లార్డ్ ఛాన్సలరుగను పనిచేసెను. జాన్ మాత్రము ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము చదివి 1884లో పట్టము పొందెను. అయినను ఆయన వైద్యవృత్తిని చేపట్టి ధనార్జన చేయలేదు. మానవుడు పీల్చు గాలి ఎట్టిది, అది దేహమునందేమి చేయును, అది చెడినప్పుడు మనుజుడెట్లు చెడును అను ప్రశ్నలు ఆయనను యౌవనముననే పట్టుకొనెను. జీవితాంతము విడువలేదు.

మొదట ఆయన డండీ పట్టణమునందు పనిచేసెను. అది జనపనార మిల్లుల ఊరు. కూలివారి యిండ్లు ఇరుకైనవి, ఒక్క గదియందే కుటుంబమంతయు నిద్రించెడిది. హాల్డేన్ తన సహచరులతో గూడి ఆ యిండ్లకు రాత్రివేళ వెళ్ళి, జనులు నిద్రించుచుండగా అందలి గాలిని సీసాలలో పట్టి తెచ్చి పరీక్షించెను. పాఠశాలల గదులలోని గాలిని సైతము పరీక్షించెను. ఇరుకు గదులలో గాలి యెంతగా చెడుచున్నదో 1887లో ప్రకటించిన ఆ పరిశోధన అంకెలతో చూపినది. శాస్త్రము పండితుల బల్లమీద నుండి పేదవాని గుడిసెలోనికి నడచివచ్చుట యన నిదియే. అటుపిమ్మట ఆయన ఆక్స్‌ఫర్డ్ చేరి, శరీరధర్మశాస్త్రమున ఆచార్యుడైన తన మేనమామ బర్డన్ శాండర్సన్ వద్ద పని సాగించెను. 1891లో లూయిసా కాథ్లీన్ ట్రాటర్‌ను వివాహమాడెను. వారికి జాన్ బర్డన్ శాండర్సన్ అను కుమారుడును, నవోమీ అను కుమార్తెయు కలిగిరి. కుమార్తె పెరిగి ప్రసిద్ధ రచయిత్రియైనది. కుమారుని కథ చివర చెప్పెదము. అది మన ప్రాంతమునకు సంబంధించినది.

ఆ దినములలో బొగ్గుగనులలో ప్రేలుడు సంభవించిన వందలకొలది కార్మికులు మరణించెడివారు. ప్రేలుడు దెబ్బవలననే అందరును చనిపోవుచున్నారని లోకము తలచెడిది. 1896లో వేల్సు ప్రాంతమునందలి టైలర్స్‌టౌన్ గనిలో ప్రమాదము జరుగగా, హాల్డేన్ అచటికి వెళ్ళి మృతదేహములను పరీక్షించెను. పెక్కుమంది దేహములపై ప్రాణాంతకమైన గాయములు లేవు. రక్తము మాత్రము ఎఱ్ఱని గులాబిరంగు దేరియుండెను. ప్రేలుడు తరువాత పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువే వారి ప్రాణములను హరించినదని ఆయన స్థాపించెను. ఆ వాయువునకు వాసన లేదు, రంగు లేదు. అంతకు ముందే ఆయన ఆ వాయువును తాను స్వయముగ పీల్చి, తన రక్తములో సగమునకు పైగా అది నిండువరకు తన యవస్థను తానే వ్రాసికొనియుండెను. ఈ విషయమున మనుజుని కంటె చిన్న ప్రాణి ముందుగ సొమ్మసిల్లునని గ్రహించి, గనిలోనికి చుంచులనో పిట్టలనో వెంట గొనిపోవలసినదని ఆయన సలహా యిచ్చెను. పంజరములోని కెనరీ పిట్ట తూలినచో గనివాడు వెనుదిరుగవలెను. ఆ చిన్నపిట్టలు బ్రిటిషు గనులలో 1986వ సంవత్సరమువరకు కార్మికులకు తోడుగ నుండినవి.

కుమారుని సైతము ఆయన బాల్యమునుండియే గనులలోనికి తీసికొనిపోయెడివాడు. ఒకసారి పైకప్పున మండువాయువు చేరియున్న యొక గనిభాగమున బాలుని నిలువబెట్టి, షేక్స్‌పియరు నాటకమునందలి ఒక ప్రసంగమును గట్టిగ చదువుమనెను. బాలుడు కొంత చదువునంతలో ఊపిరాడక నేలగూలెను. నేలమీద మంచిగాలి యుండుటచే వెంటనే తేరుకొనెను. ఆ వాయువు గాలికంటె తేలికయనియు, అది పైననే నిలుచుననియు బాలుడు మఱి మరువలేదు. ఇట్టి బోధనపద్ధతి మేమెన్నడును అవలంబింపబోమని తలిదండ్రులకు మనవి చేయుచున్నాము.

1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ యను సహచరునితో గూడి, మన యూపిరి వేగమును నిర్ణయించునది ముఖ్యముగ ప్రాణవాయువు కొరత గాదనియు, దేహమున చేరు బొగ్గుపులుసు వాయువనియు నిరూపించెను. ఈ పరిశోధన ఆయనను శాస్త్రలోకమున అగ్రశ్రేణిని నిలిపెను. అంతలో బ్రిటిషు నౌకాదళము వారు ఆయన సాయము కోరిరి. లోతునీట మునుగు తమ మనుష్యులు పైకి వచ్చిన పిదప కీళ్ళనొప్పులతో మెలికలు తిరుగుచుండిరి. కొందఱకు కాళ్ళు పడిపోవుచుండెను. కొందఱు మరణించుచుండిరి. ఈ జబ్బునే నీటిపనివారు బెండ్స్ అందురు.

దీని కారణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పోల్ బెర్ 1878లోనే చెప్పియుండెను. దానిని మన విద్యార్థులు గోలీసోడాతో సులభముగ గ్రహింపవచ్చును. గోలీ బిగిసియున్నంతవరకు సీసాలోని నీరు నిశ్చలముగ నుండును. వాయువు ఒత్తిడిచే నీట కరగి యుండును. గోలీ నొక్కినంతనే ఒత్తిడి తగ్గి, వాయువు బుడగలై బుసబుస పైకి వచ్చును. నీట మునిగినవాని రక్తమాంసములలోనికి గూడ గాలిలోని నత్రజని అట్లే ఒత్తిడిచే కరగి చేరును. అతడు తటాలున పైకి వచ్చినచో ఆ నత్రజని దేహములోనే బుడగలు కట్టును. ఆ బుడగలు కీళ్ళయందు నిలిచిన నొప్పి కలుగును, వెన్నుపాము నందు నిలిచిన కాళ్ళు చచ్చుబడును.

కారణము తెలిసినను, ఎంత లోతునుండి ఎంత సేపటికి పైకి రావలెనో చెప్పగలవారు లేరు. హాల్డేన్ ఈ పనికి మేకలను ఎన్నుకొనెను. లండనునందలి లిస్టర్ సంస్థలో ఉక్కుగదియందు మేకలనుంచి గాలి యొత్తిడిని పెంచి, తరువాత పలువిధముల తగ్గించి చూచెను. బాధ కలిగిన మేక ముందుకాలు పైకెత్తి నిలుచును. ఆ గుర్తు చాలును. ఎంత లోతున నున్నను, ఒత్తిడిని సగమునకు తగ్గించినంతమాత్రమున మేకలకు హాని కలుగలేదని ఆయన కనుగొనెను. కావున నీటివాడు మొదట సగము ఒత్తిడి గల స్థానమువరకు త్వరగ రావచ్చును. అటుపైన మెట్టు మెట్టుగ ఆగుచు, నత్రజని ఊపిరితో బయటికి పోవుటకు వ్యవధి యిచ్చుచు రావలెను. దేహమునందలి భాగములన్నియు ఒకే వేగముతో నత్రజనిని విడువవు. రక్తము త్వరగ విడుచును, క్రొవ్వు ఆలస్యముగ విడుచును. దీనిని లెక్కలోనికి దెచ్చుటకై ఆయన దేహమును 5, 10, 20, 40, 75 నిమిషముల చొప్పున సగము నిండు ఐదు విభాగములుగ భావించి పట్టికలు తయారుచేసెను.

1906లో స్కాట్లండు తీరమునందలి లోతైన సముద్రపు పాయలలో ఈ పద్ధతిని మనుష్యులతో పరీక్షించిరి. నౌకాదళమునకు చెందిన డేమంట్, కాట్టో యనువారు 210 అడుగుల లోతువరకు దిగి క్షేమముగ పైకి వచ్చిరి. పదమూడేండ్ల కుమారుడు గూడ ఆ దినములలో నీట దిగెను. దుస్తులు అతని కొలతకు మిక్కిలి పెద్దవగుటచే నీరు లోనికి ప్రవేశించినను బెదరక పని ముగించుకొని వచ్చెను. 1908లో బాయ్‌కాట్, డేమంట్‌లతో గూడి హాల్డేన్ ఈ ఫలితములను ప్రకటించెను. నేటివరకు ప్రపంచమున తయారైన మునుక పట్టికలకెల్ల ఆ వ్యాసము మూలకందము. సగము ఒత్తిడి యను సూత్రము ఎక్కువసేపు లోతున నుండువారికి చాలదని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొని సవరించిరి. అయినను ఆయన వేసిన బాట మారలేదు.

సముద్రపు లోతును కొలిచిన ఈ మహనీయుడు మూడేండ్లలో కొండ యెక్కెను. 1911లో అమెరికాయందలి కొలరాడో రాష్ట్రమున, సుమారు 4,300 మీటర్ల ఎత్తు గల పైక్స్ శిఖరము మీద, డగ్లస్, హెండర్సన్, ష్నైడర్ అను సహచరులతో ఐదువారములు నివసించెను. అచట గాలి యొత్తిడి సముద్రమట్టమున నుండుదానిలో సుమారు ఐదింట మూడువంతులు మాత్రమే. పైకి వచ్చిన క్రొత్తవారికి తలనొప్పి, వాంతులు, ఆయాసము కలుగుటయు, పెదవులు నీలిబారుటయు వారు చూచిరి. కొలది దినములలో ఊపిరి వేగము హెచ్చి, రక్తమున ఎఱ్ఱని పదార్థము వృద్ధిచెంది, దేహము ఆ యెత్తునకు అలవడుటయు గమనించిరి. మేబెల్ ఫిట్జిరాల్డ్ అను విదుషీమణి అదే కాలమున కొలరాడో గనుల ఊళ్ళు తిరిగి, అచటి నివాసుల ఊపిరిని పరీక్షించెను. ఊపిరితిత్తులు ప్రాణవాయువును తామై రక్తములోనికి స్రవింపజేయునని హాల్డేన్ ఈ సందర్భమున నమ్మెను. అది సరికాదని బార్‌క్రాఫ్ట్ మొదలగువారి పరిశోధనల వలన తేలినది. పెద్దవారు గూడ పొరబడుదురు. ఆ పొరపాటును తోటివారు పరీక్షించి సరిదిద్దుటయే శాస్త్రమునకు బలము.

ఇపుడు ఆ తండ్రి ప్రశ్నకు వచ్చెదము. హాల్డేన్ ఒకచేత నిచ్చిన లోతు లెక్కను, మఱొకచేత నిచ్చిన ఎత్తు లెక్కను కలిపిన జవాబు దొరకును. సముద్రమట్టమున మన నెత్తిమీద గాలి యొత్తిడి ఒక వంతనుకొందము. 20 మీటర్ల లోతున నీటి యొత్తిడి రెండు వంతులు. మొత్తము మూడు. అతడు పైకి వచ్చునప్పుడు మూడునుండి ఒకటికి వచ్చును. దక్షిణ అమెరికాయందలి టిటికాకా సరస్సు 3,800 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. అచట గాలి యొత్తిడి సుమారు 0.63 వంతు. అదే 20 మీటర్ల లోతున మొత్తము సుమారు 2.57. అంకె చిన్నదే. కాని అతడు పైకి వచ్చునది 0.63కు గదా! అనగా ఒత్తిడి మూడవవంతునకు గాక నాల్గవవంతు కంటె తక్కువకు పడిపోవును. సముద్రమున ఇంత మార్పు కలుగవలెనన్న 30 మీటర్లకు పైగా దిగవలెను. కావున సముద్రమునకై వ్రాసిన పట్టికను కొండమీద అట్లే వాడినవాడు, తెలియకయే తనను తాను అపాయమున ద్రోసికొనును. నీటి లోతు కాదు, నీటికి పైనున్న గాలి పలుచదనమే అచట శత్రువు.

మఱికొన్ని చిక్కులు గలవు. సముద్రతీరము నుండి అదే దినమున కొండకు వచ్చినవాని దేహమున, ఆ యెత్తునకు తగినదానికంటె అధికమైన నత్రజని మునుగకముందే యుండును. కావున కొన్ని గంటలు ఆగవలెను, లేదా ఆ భాగమును లెక్కలో చేర్చవలెను. కొన్ని లోతుకొలత యంత్రములు సముద్రపు ఒత్తిడికి అమర్చబడినవగుటచే కొండమీద అసలు లోతుకంటె తక్కువ చూపును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. కావున నడుమునకు కట్టు బరువులు సరిచూచుకొనవలెను. నీరు మిక్కిలి చల్లగ నుండును. పని ముగించి పైకి వచ్చినవానికి పలుచని గాలిలో ఆయాసము త్వరగ కలుగును. పని ముగిసిన పిదప ఇంకను ఎత్తైన ఘాటురోడ్డు నెక్కి ప్రయాణము చేయుట ప్రమాదము. ఈ కారణములచే 300 మీటర్లు దాటిన ఎత్తునందలి నీట మునుగువారికి వేరు పట్టికలు, వేరు శిక్షణ కావలెనని నేటి నియమము. స్విట్జర్లండు దేశపు వైద్యుడు ఆల్బర్ట్ బ్యూల్మన్ ఎత్తైన సరస్సుల కొఱకు ప్రత్యేకముగ లెక్కలు కట్టి హాల్డేన్ మార్గమును ముందునకు సాగించెను.

300 మీటర్లన్న మనకు దూరమైన మాట కాదు. మన కొరాపుట్ పీఠభూమిమీది కొలాబ్ జలాశయమును, ఆంధ్ర ఒడిశా సరిహద్దునందలి జలాపుట్ జలాశయమును నిండుగ నున్నప్పుడు 800 మీటర్లకు పైబడిన ఎత్తున నుండును. అచట 20 మీటర్లు దిగుట సముద్రమున 21 మీటర్లు దాటి దిగుటతో సమానము. భేదము స్వల్పమే యని త్రోసివేయరాదు. పట్టికయందు ఒక గడి తప్పినచో ప్రాణమునకే ముప్పు. ఈ సంగతినే మేము ఆ తండ్రికి కాగితముమీద బొమ్మ గీసి, గోలీసోడా ఉదాహరణతో తెలియజెప్పితిమి. ఆయన చదువుకొనినవాడు కాడు. అయినను సముద్రమును నలువదేండ్లు చూచినవాడగుటచే ఒక్కమారు చెప్పగనే గ్రహించెను. కుమారుడు ఆ పనిని మానలేదు. తనను పిలిచినవారితో మాటలాడి, కొండనీటి పట్టికలను తెలిసినవారివద్ద నేర్చుకొనిన పిదపనే వెళ్ళెను.

హాల్డేన్ తక్కిన చరిత్రను ముగించెదము. 1915 ఏప్రిల్ నెలలో జర్మనులు ఈప్ర్ యుద్ధభూమిమీద విషవాయువును విడువగా, ప్రభుత్వము ఆయనను ఫ్రాన్సునకు పంపెను. అది క్లోరిన్ అని ఆయన గుర్తించి, తిరిగివచ్చి, అట్టి వాయువును గదిలో నింపి తాను పీల్చి చూచుచు, సైనికులకు రక్షణముసుగు తయారుచేయుటకు తోడ్పడెను. ఆ వాయువుచే ఊపిరితిత్తులు దెబ్బతినినవారికి ప్రాణవాయువును క్రమముగ ఇచ్చు పద్ధతిని వ్యాపింపజేసెను. 1922లో ఊపిరిని గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. 1934లో రాయల్ సొసైటీ వారు తమ అత్యున్నతమైన కాప్లీ పతకమిచ్చి గౌరవించిరి. డెబ్బదియైదేండ్ల వయస్సున సైతము పారశీక, ఇరాక్ దేశములకు వెళ్ళి, నూనెశుద్ధి కర్మాగారముల కార్మికులకు కలుగు వడదెబ్బను పరిశీలించెను. తిరిగివచ్చిన పిదప జబ్బుపడి 1936 మార్చి నెలలో ఆక్స్‌ఫర్డున కన్నుమూసెను.

కుమారుడైన జె. బి. ఎస్. హాల్డేన్ తండ్రిని మించిన కీర్తి గడించెను. 1939లో థీటిస్ అను జలాంతర్గామి మునిగి పలువురు మరణింపగా, ఆయన తండ్రివలెనే ఉక్కుగదులలో తన దేహముననే పరీక్షలు జరిపెను. 1957లో భారతదేశమునకు వచ్చి, ఈ దేశపు పౌరుడై, 1962లో భువనేశ్వరమున స్థిరపడి, 1964 డిసెంబరు 1వ తేదీన అచటనే మరణించెను. ఆయన కోరిక ప్రకారము ఆయన దేహమును కాకినాడయందలి రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల అధ్యయనమునకై పంపిరి. స్కాట్లండు సముద్రపు పాయలో పదమూడేండ్ల ప్రాయమున మునిగిన దేహము, మనము నివసించు ఒడిశానుండి మన మాతృభాష మాటలాడు తీరమునకు చేరి తుదిపాఠము చెప్పినది. రెండు రాష్ట్రముల నడుమ, రెండు భాషల నడుమ పెరుగు మన పిల్లలకు ఈ సంగతి గర్వకారణము కావలెను.

విద్యార్థులారా! ఇతరుల ప్రాణమును పణముగ బెట్టకముందు తన ప్రాణమును పరీక్షకు నిలిపినవాడు హాల్డేన్. ఆయన పనియంతయు గనిలోని కూలివానికొఱకు, నీటిలోని పనివానికొఱకు, యుద్ధమున సైనికునికొఱకు జరిగినది. అట్టివారు మన యిండ్లయందే కలరు. తలిదండ్రులారా! మీ పిల్లడు ఒక పని నేర్చితినని చెప్పినప్పుడు సంతోషింపుడు. చోటు మారినప్పుడు ఆ పనిని తిరిగి నేర్చుకొనవలసియుండునేమో అని ఒక్కమారు అడుగుడు. ఆ తండ్రి అట్లడిగెను. ఆ ప్రశ్న మూలముననే మేమును ఈ వయస్సున ఒక క్రొత్త పాఠము నేర్చుకొంటిమి.